వాషింగ్టన్ సుంకం, జనగామ పత్తి

2025 ఆగస్టు 27న భారత సరుకులపై అమెరికా సుంకం 50 శాతానికి చేరింది. అందులో సగం, మనం రష్యా దగ్గర చమురు కొంటున్నందుకు వేసింది. ఉక్రెయిన్ యుద్ధంలో రష్యా మెడలు వంచడానికి అమెరికా మన ఎగుమతుల మీద దెబ్బ వేసిందన్నమాట.

ఇది కొత్త ఎత్తుగడ కాదు. 1965–66 కరువులో అమెరికా అధ్యక్షుడు జాన్సన్ మనకు గోధుమలను ఒక్కసారిగా ఇవ్వకుండా కొద్దికొద్దిగా వదిలాడు. మన వ్యవసాయ విధానం మారాలన్నది ఒక షరతు. వియత్నాంపై మన విమర్శలు ఆయనకు నచ్చకపోవడం మరో కారణం. మన దేశమూ ఇలాంటి పని చేసింది. 2023 జూలైలో బాస్మతి కాని తెల్ల బియ్యం ఎగుమతి ఆపినప్పుడు అమెరికాలో మనవాళ్లు సోనా మసూరి బస్తాల కోసం దుకాణాలకు పరుగెత్తారు. దేశంలో ధరలు అదుపు చేయడానికి తెచ్చిన ఆ నిషేధం నుంచే భూటాన్, మారిషస్, సింగపూర్‌లకు దౌత్య సంబంధాల దృష్ట్యా ప్రత్యేక మినహాయింపు దక్కింది.

పత్తి సంగతి ఇంకా బాధాకరం. అమెరికా దెబ్బ మీద పడబోతుంటే, బట్టల మిల్లులకు దూది అందుబాటులో ఉండాలని కేంద్రం ఆగస్టు 19 నుంచి దిగుమతి పత్తిపై 11 శాతం సుంకం ఎత్తేసింది. సెప్టెంబరు నెలాఖరు దాకా అన్నది డిసెంబరు 31 దాకా సాగింది. మనకు పత్తి అమ్మే దేశాల్లో అమెరికా కూడా ఉంది కాబట్టి, ఇది ఆ దేశాన్ని మెత్తబరచే ప్రయత్నమని భావించినవారూ ఉన్నారు.

తెలంగాణలోని జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల్లో అప్పటికే విత్తనం, ఎరువు, కలుపు కూలి ఖర్చయిపోయి చేలు ఎదిగి ఉన్నాయి. పంట మార్చుకునే వీలు లేదు. 2025–26లో పొడుగు పింజ పత్తికి మద్దతు ధర క్వింటాలుకు 8,110 రూపాయలుగా ఉండేది. జిన్నింగ్ మిల్లుల దగ్గర కేంద్ర ప్రభుత్వ పత్తి సంస్థ సీసీఐ కొనేటప్పుడు పత్తిని తేమ మీటరుతో చూస్తారు. 8 శాతం లోపుంటే పూర్తి ధర, 12 దాటితే తిప్పి పంపుతారు. అక్టోబరు చివర మొంథా తుఫాను డోర్నకల్ స్టేషన్‌లో పట్టాలను ముంచింది. చేలో పగిలిన కాయ సంగతి ఇక చెప్పాలా? తడిసిన పత్తి ప్రైవేటు వ్యాపారి కాంటాకే వెళ్తుంది. మిల్లుకు బయటి దూది ఎంతకు పడుతుందో చూసి అతను ధర చెబుతాడు. సుంకం పోయిన నష్టం రైతుకు తగిలేది సరిగ్గా అక్కడే.

దౌత్యం అవసరమే. కానీ పంట చేతికొచ్చే వేళ సుంకం ఎత్తేయడం అన్యాయం. తప్పనిసరైతే, 2017లో మధ్యప్రదేశ్ భావాంతర్ పథకం కింద సోయా రైతుకు మద్దతు ధరకూ మార్కెట్ ధరకూ ఉన్న తేడా చెల్లించినట్టు, పత్తి రైతుకూ చెల్లించాలి. ఆ సొమ్ము కేంద్రమే భరించాలి.