మబ్బులో పైలట్‌కు దారెలా తెలుస్తుంది?

బళ్లారి జిల్లాలో, తోరణగల్లు దగ్గర విద్యానగర్ విమానాశ్రయం ఉంది. వానాకాలంలో అక్కడ దిగే విమానాన్ని మబ్బు కమ్మేస్తే కిటికీలోంచి నేల కనబడదు, కొండా కనబడదు. మరి నడిపేదెలా?

ఒంటికి తెలియదా?
తెలియదు. మన చెవి లోపలి గొట్టాల్లో ఉండే ద్రవం కదిలితేనే మనం తిరుగుతున్నట్టు మెదడుకు తెలుస్తుంది. విమానం ఒకే వేగంతో తిరుగుతూ ఉంటే, కాసేపటికి ఆ ద్రవమూ దానితోపాటే తిరుగుతుంది. అప్పుడు మెదడు తిన్నగా వెళ్తున్నామనే అనుకుంటుంది! అందుకే పైలట్ పరికరాలనే నమ్ముతాడు.

ఏ పరికరం ఏం చెబుతుంది?
ఆల్టిమీటర్ గాలి పీడనాన్ని కొలిచి ఎత్తు చెబుతుంది. పైకి వెళ్లేకొద్దీ పీడనం తగ్గుతుంది కదా! బయట ఉండే పీటో గొట్టంలోకి దూసుకొచ్చే గాలి ఒత్తిడిని బట్టి వేగం తెలుస్తుంది. విమానం ఎటు ఒరిగిందో చెప్పేది గైరోస్కోప్. జోరుగా తిరిగే బొంగరం లాగా అది తన దిశను వదలదు. దాని చుట్టూ విమానం ఒరిగితే ఆ తేడా తెరమీద కనబడుతుంది.

పరికరాలనే నమ్మి మొదట విమానం నడిపిందెవరు?
1929 సెప్టెంబరు 24న అమెరికాలో జిమ్మీ డూలిటిల్ బయటికి చూడకుండా, కప్పేసిన కాక్‌పిట్‌లోంచే విమానాన్ని లేపి, తిప్పి, దించాడు.

పరికరమే తప్పు చెబితే?
పీటో గొట్టంలో మంచు అడ్డుపడితే వేగం తప్పుగా చూపవచ్చు. అందుకే పైలట్ ఒక్కదాన్నే చూస్తూ కూర్చోడు. ఒకటి చెప్పినదాన్ని మిగతావాటితో సరిచూసుకుంటూ ఉంటాడు.