డిజిటల్ నైట్ విజన్ రైఫిల్ స్కోపు: దూర పరీక్షలో జాడ, పోలిక, ఆనవాలు

వ్యాస సంగ్రహం

చీకటిలో దూరపు వస్తువును చూపే డిజిటల్ నైట్ విజన్ రైఫిల్ స్కోపుల సామర్థ్యాన్ని తరచు ఒకే దూరంతో ప్రకటిస్తారు. అయితే ఆ దూరంలో ఏదో ఉన్నదని తెలియడం వేరు, అది ఏమిటో నిశ్చయంగా తెలియడం వేరు. ఈ రెండింటి మధ్య గల అంతరం ఎలా ఏర్పడుతుందో, దానిని బయటపెట్టగల పరీక్ష ఎలా ఉండాలో ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలక పదాలు: నైట్ విజన్, సెన్సర్, పరారుణ కాంతి, జాన్సన్ ప్రమాణాలు, దూర పరీక్ష.

1. ఉపోద్ఘాతం

పూర్వపు నైట్ విజన్ సాధనాలు శూన్యనాళిక సహాయంతో స్వల్పకాంతిని అనేక రెట్లు పెంచి చూపేవి. డిజిటల్ స్కోపులో ఆ నాళిక ఉండదు. లెన్స్ వెనుక సిలికాన్ సెన్సర్, దాని వెనుక చిన్న తెర ఉంటాయి. చూసేవారి కంటికి అందేది వస్తువు నుంచి నేరుగా వచ్చిన కాంతి కాదు, తెరపై పునర్నిర్మితమైన చిత్రం. గురిగీతలు కూడా ఆ తెరపైనే ఏర్పడతాయి.

మానవ నేత్రం సుమారు 700 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం వరకు మాత్రమే చూడగలదు. సిలికాన్ సుమారు 1100 నానోమీటర్ల వరకు స్పందిస్తుంది. అందువల్ల ఈ స్కోపులకు 850 లేదా 940 నానోమీటర్ల పరారుణ దీపాన్ని జత చేస్తారు. 850 నానోమీటర్ల దీపం ముఖం దగ్గర నుంచి మందమైన ఎరుపుగా కనిపిస్తుంది. 940 నానోమీటర్ల దీపం కంటికి కనిపించదు. కానీ ఆ తరంగదైర్ఘ్యం వద్ద సిలికాన్ స్పందన తక్కువ కనుక చూపు దూరం కూడా తగ్గుతుంది.

2. చూడటంలోని మూడు స్థాయిలు

అమెరికా సైన్యపు నైట్ విజన్ పరిశోధకుడు జాన్ జాన్సన్ 1958లో ఈ విషయంపై ఒక మౌలిక పరిశోధనను వెలువరించారు. వాహనాల, సైనికుని నమూనాలను పరిశీలకులకు చూపి, ఏ మేరకు స్పష్టత ఉంటే వారు ఏమి చెప్పగలుగుతున్నారో ఆయన కొలిచారు. స్పష్టతకు కొలమానంగా నలుపు తెలుపు గీతల జతలను తీసుకొన్నారు. వస్తువు కనిష్ఠ పరిమాణంలో ఎన్ని గీతల జతలను సాధనం విడదీసి చూపగలదన్నదే ఆ కొలమానం.

ఏదో ఉన్నదని గమనించడానికి ఒక జత చాలు. దీనిని ‘జాడ’ అనవచ్చు. అది మనిషా, వాహనమా అని తరగతిని చెప్పడానికి సుమారు 4 జతలు కావాలి. ఇది ‘పోలిక’. ఆ తరగతిలో అది ఏ రకమో తేల్చడానికి సుమారు 6.4 జతలు కావాలి. ఇది ‘ఆనవాలు’. జాడకు, పోలికకు మధ్య, వస్తువు ఏ వైపు తిరిగి ఉందో తెలిసే స్థాయిని కూడా జాన్సన్ 1.4 జతలుగా సూచించారు. ఈ సంఖ్యలన్నీ 50 శాతం సఫలతకు సంబంధించినవి. అంటే సగం సందర్భాలలో పరిశీలకుడు విఫలుడయ్యే పరిస్థితి అది. తరువాతి నమూనాల ప్రకారం జతల సంఖ్య రెట్టింపైతే సఫలత సుమారు 95 శాతానికి చేరుతుంది.

3. ఒక గణన

సెన్సర్ పిక్సెల్ వెడల్పు 4 మైక్రోమీటర్లు, లెన్స్ నాభ్యంతరం 50 మిల్లీమీటర్లు గల స్కోపును ఊహిద్దాం. 400 మీటర్ల దూరంలో ఒక్కొక్క పిక్సెల్ 3.2 సెంటీమీటర్ల వెడల్పును మాత్రమే చూడగలదు. ఒక గీతల జతకు కనీసం రెండు పిక్సెళ్లు అవసరం. ఎదుట 65 సెంటీమీటర్ల ఎత్తుగల అడవిపంది ఉన్నదనుకొంటే, దాని జాడ సుమారు 4,060 మీటర్ల వరకు, పోలిక 1,015 మీటర్ల వరకు, ఆనవాలు 635 మీటర్ల వరకు తెలియాలి. సఫలత 95 శాతం కావాలంటే ఆనవాలు దూరం సుమారు 320 మీటర్లకు కుదించుకుపోతుంది.

స్కోపు అదే, వస్తువు అదే. అడిగిన ప్రశ్న మారినందువల్ల 4 కిలోమీటర్లు 320 మీటర్లయ్యాయి. డిజిటల్ జూమ్ ఈ అంతరాన్ని పూడ్చలేదు. అది ఉన్న పిక్సెళ్లనే పెద్దవిగా చేసి చూపుతుంది తప్ప కొత్త సమాచారాన్ని చేర్చదు.

4. కాంతి విధించే హద్దు

పై గణన కాంతి సమృద్ధిగా ఉన్నప్పుడే వర్తిస్తుంది. పున్నమి రాత్రి నేలపై 0.1 నుంచి 0.3 లక్స్ వరకు వెలుతురు ఉంటే, చంద్రుడు లేని నక్షత్రకాంతిలో అది సుమారు 0.001 లక్స్ మాత్రమే. అందుకే పరారుణ దీపం అవసరమవుతుంది. అయితే దీపకాంతి దూరం పెరిగేకొద్దీ విస్తరిస్తుంది. 100 మీటర్ల వద్ద వస్తువుపై పడే కాంతిలో పదహారవ వంతు మాత్రమే 400 మీటర్ల వద్ద పడుతుంది.

కాంతి తగ్గితే చిత్రంలో గరుకుదనం, అంటే నాయిస్, పెరుగుతుంది. ఫోటాన్ల రాక సహజంగానే అనియతం కనుక సంకేతానికి, నాయిస్‌కు గల నిష్పత్తి ఫోటాన్ల సంఖ్యకు వర్గమూలంగా ఉంటుంది. 100 మీటర్ల వద్ద ఒక పిక్సెల్‌కు 400 ఫోటాన్లు అందితే ఆ నిష్పత్తి 20. 400 మీటర్ల వద్ద 25 ఫోటాన్లే అందుతాయి కనుక నిష్పత్తి 5కు పడిపోతుంది. ఒక అంశాన్ని నాయిస్ నుంచి నమ్మకంగా వేరు చేయడానికి సుమారు 5 కావాలని ఆల్బర్ట్ రోజ్ ప్రతిపాదించిన ప్రమాణం చెబుతుంది. అంటే పిక్సెళ్ల లెక్క 635 మీటర్లు అనుమతించినా ఇక్కడ కాంతి 400 మీటర్ల వద్దనే అడ్డుకొంటుంది.

ఎక్స్‌పోజర్ కాలం పెంచితే ఫోటాన్లు పెరుగుతాయి, కానీ కదిలే జంతువు చెదిరిపోతుంది. మంచు, ధూళి ఉన్నప్పుడు దీపకాంతి వెనుకకు చెల్లాచెదురై చిత్రం తెల్లబారుతుంది. సెన్సర్ ఉష్ణోగ్రత 6 నుంచి 8 డిగ్రీలు పెరిగిన ప్రతిసారీ అందులోని చీకటి విద్యుత్ప్రవాహం సుమారు రెట్టింపవుతుంది. కనుక చలిదేశపు శీతకాలంలో పొందిన ఫలితాన్ని తెలుగు ప్రాంతాల వేసవి రాత్రికి యథాతథంగా అన్వయించడం సరికాదు.

5. పరీక్ష ఎలా ఉండాలి

పరీక్షలో అతి పెద్ద దోషం పరికరానిది కాదు, పరిశీలకునిది. 400 మీటర్ల వద్ద తానే నిలిపిన పంది బొమ్మను చూసే వ్యక్తికి మసకచుక్క కూడా పందిగానే తోస్తుంది. అతడు చూస్తున్నది కొంత, గుర్తుచేసుకొంటున్నది కొంత. ఈ దోషాన్ని తొలగించాలంటే సమాధానం పరిశీలకునికి ముందుగా తెలియకూడదు.

నెదర్లాండ్స్‌కు చెందిన టీఎన్ఓ సంస్థ పరిశోధకులు బిజల్, వాలెటన్ 1998లో ప్రచురించిన త్రిభుజ పద్ధతి ఇందుకు మార్గం చూపుతుంది. అందులో త్రిభుజం శీర్షం పైకి, కిందికి, కుడికి, ఎడమకు తిరిగి ఉండవచ్చు. పరిశీలకుడు నాలుగింటిలో ఒకటి తప్పక చెప్పాలి. కేవలం ఊహతోనే 25 శాతం సరైన సమాధానాలు వస్తాయి కనుక 75 శాతాన్ని హద్దుగా తీసుకొంటారు. త్రిభుజ పరిమాణాన్ని మార్చుతూ పోతే స్కోపు నిజమైన స్పష్టత సంఖ్యలో వెల్లడవుతుంది.

క్షేత్ర పరీక్షకు మరికొన్ని నియమాలు అవసరం. దూరాలను కొలిచి నిర్ణయించాలి. ప్రతి దూరం వద్ద ఫోకస్ మళ్లీ సరిచేయాలి. పలువురు పరిశీలకులు పాల్గొనాలి. లక్ష్యాల నడుమ వస్తువేదీ లేని ఖాళీ ప్రయత్నాలు కూడా ఉండాలి, అప్పుడే లేనిదాన్ని ఉన్నట్లు చెప్పిన సందర్భాలు లెక్కకు వస్తాయి. చంద్రస్థితి, ఉష్ణోగ్రత, తేమ, బ్యాటరీ స్థితి, దీపపు తరంగదైర్ఘ్యం నమోదు కావాలి. తరువాత పెద్ద తెరపై ఆపి ఆపి చూసిన వీడియోను బట్టి కాక, ఆ క్షణంలో స్కోపులో కన్ను చూసిన దానిని బట్టే ఫలితాన్ని నిర్ణయించాలి.

6. ఆనవాలు ఎందుకు ముఖ్యం

అమెరికాలోని టెక్సాస్‌లో పంటలను, పచ్చికబయళ్లను పాడుచేసే అడవిపందులను రాత్రివేళ వేటాడతారు. అదే బయళ్లలో ఆవుదూడలు, కుక్కలు, మనుషులు కూడా తిరుగుతారు. భారతదేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం మొదటి షెడ్యూలుకు చెందని జంతువు పంటకు ముప్పుగా మారితే, అధీకృత అధికారి లిఖితపూర్వక అనుమతితో మాత్రమే దానిని వేటాడవచ్చు. తెలుగు రాష్ట్రాల అటవీ సరిహద్దు గ్రామాలలో పంటచేలకు వచ్చే నల్లని ఆకారం అడవిపందే కావాలని లేదు. అది మొదటి షెడ్యూలులో రక్షణ పొందిన ఎలుగుబంటి కావచ్చు, పొలం కాపలాకు వంగి నడుస్తున్న రైతు కావచ్చు. జాడకు, ఆనవాలుకు గల తేడా ఇక్కడ ప్రాణానికి సంబంధించినది.

7. ముగింపు

స్కోపు దూరాన్ని ఒకే సంఖ్యగా చెప్పడం శాస్త్రీయం కాదు. ఏ పరిమాణపు వస్తువు, ఏ వెలుతురు, ఏ స్థాయి, ఎంత శాతం సఫలత అనే నాలుగు వివరాలు తోడైనప్పుడే ఆ సంఖ్యకు అర్థం ఏర్పడుతుంది. జాన్సన్ ప్రమాణాలు స్థూలమైనవి. 2000 తరువాత వాటి స్థానంలో చిత్రపు వ్యత్యాసాన్ని కూడా లెక్కించే నమూనాలు వచ్చాయి. అయినా జాడ, పోలిక, ఆనవాలు అనే విభజన నేటికీ చెక్కుచెదరలేదు. జాడ తెలిసిన దూరాన్ని ఆనవాలు తెలిసిన దూరంగా భావించకుండా ఆపగలిగినప్పుడే దూర పరీక్ష తన ప్రయోజనాన్ని నెరవేరుస్తుంది.