న్యాయశబ్దార్థ విచారము

నిత్యము వినబడు శబ్దముల యర్థమును విచారించుట లోకమున నరుదు. న్యాయశబ్ద మట్టిది. నేరస్థుని శిక్షింపుమని కోరువాడును, నేను నిర్దోషినని మొఱపెట్టువాడును "న్యాయము జరుగవలెను" అనియే యందురు. పరస్పరవిరుద్ధములగు కోరికల కొకే శబ్దము వాచకమగుచున్నపుడు, దాని ముఖ్యార్థ మేదియో నిర్ణయించుకొనుట యావశ్యకము.

ముందుగా వ్యుత్పత్తిని చూతము. 'ని' యను నుపసర్గతో గూడిన గత్యర్థకమగు 'ఇణ్' ధాతువునకు అభ్రేషార్థమున ఘఞ్ ప్రత్యయమును పాణిని విధించెను (అష్టాధ్యాయి 3-3-37). ధాతువునకు వృద్ధి కలిగి 'న్యాయ' రూపము సిద్ధించును. భ్రేషమనగా నుచితమార్గమునుండి తొలగుట. ఎట్లు ప్రాప్తించినదో అట్లే, తప్పక చేయుట అభ్రేషమని కాశికావృత్తి తాత్పర్యము. ఆ యర్థము లేనిచోట ఘఞ్ రాదు. అచ్ ప్రత్యయము వచ్చి, గుణము కలిగి 'న్యయ' మగును. దానికి నాశమని యర్థము. ధాతు వొకటే, ఉపసర్గ యొకటే. రెంటికిని నడుమ నున్నది యొక్క దీర్ఘము మాత్రమే. వ్యాకరణము నీతిబోధకై పుట్టినది కాదు. అయినను, మార్గము తప్పకుండుట యను నంశము న్యాయశబ్దము పుట్టుకయందే యున్నదని దీనివలన తెలియుచున్నది.

'అట్లయినచో మత్స్యన్యాయమున న్యాయ మెక్కడ? పెద్దచేప చిన్నచేపను మ్రింగుట న్యాయమగునా?' అని శంక కలుగవచ్చును. కాకతాళీయ, స్థాలీపులాకాదులయందువలె నచ్చట న్యాయశబ్దము లోకసిద్ధమగు దృష్టాంతమును మాత్రమే చెప్పును. కావున దోషము లేదు.

ఇక శాస్త్రప్రయోగములు. ప్రమాణములచే నర్థమును పరీక్షించుటయే న్యాయమని వాత్స్యాయనుడు న్యాయభాష్యమున నిర్వచించెను. ప్రత్యక్షాగమములకు విరుద్ధమగు ననుమానమును 'న్యాయాభాస' మనెను. సంశయము కలిగిన పిదప పక్షప్రతిపక్షములు రెంటిని విమర్శించి యర్థమును నిశ్చయించుట నిర్ణయమని గౌతమ మహర్షి మతము. మీమాంసకులు అధికరణమును న్యాయమని వ్యవహరింతురు. పూర్వపక్షమునకు చోటీయని యధికరణము లేదు. దర్శనములు వేఱైనను, పరీక్ష లేనిది న్యాయము కాదనుటలో వైమత్యము లేదు.

ధర్మశాస్త్రమున వివాదనిర్ణయమునకు వ్యవహారమని పేరు. యాజ్ఞవల్క్యస్మృతిని మితాక్షరయందు వ్యాఖ్యానించిన విజ్ఞానేశ్వరుడు వ్యవహారమునకు నాలుగు పాదములు చూపెను: వాది చెప్పు భాష, ప్రతివాది యిచ్చు ఉత్తరము, సాక్ష్యాది ప్రమాణరూపమగు క్రియ, పిమ్మట సాధ్యసిద్ధి. ఈ శాస్త్రమును 13వ శతాబ్దమున మూలఘటిక కేతన 'విజ్ఞానేశ్వరము' పేర తెనిగించెను. స్మృతులు పరస్పరము విరోధించినపుడు వ్యవహారమును బట్టి న్యాయమే బలవత్తరమని యాజ్ఞవల్క్యుడు చెప్పుట గమనింపదగినది. వర్ణమును బట్టి దండమును మార్చిన స్మృతివిధులు నేడు గ్రాహ్యములు కావు. రాజ్యాంగము 14వ అధికరణముచే చట్టము నెదుట నందఱును సమానులే. గ్రాహ్యమైనది పరీక్షాక్రమము.

ఈ విచారమునకు నేడు ప్రయోజన మేమి? 1860 నాటి భారత శిక్షాస్మృతి స్థానమున 2024 జూలై 1 నుండి భారతీయ న్యాయసంహిత యమలులోనికి వచ్చినది. గ్రంథనామమున శిక్ష పోయి న్యాయము వచ్చినది గాని, లోకుల వాడుకలో న్యాయమనగా శిక్షయే యను భావము బలపడుచున్నది. 2019 నవంబరులో హైదరాబాదు సమీపమున నొక పశువైద్యురాలు అత్యాచారమునకు, హత్యకు గుఱియయ్యెను. నిందితులు నలుగురును డిసెంబరు 6న, న్యాయస్థానమున విచారణ జరుగకమునుపే, పోలీసు కాల్పులలో మరణించిరి. జనులు పోలీసులపై పూలు చల్లి న్యాయము జరిగెననిరి. చంపవలెనను నుద్దేశముతోనే కాల్పులు జరిగినవని సుప్రీంకోర్టు నియమించిన సిర్పుర్కర్ సంఘము తేల్చెను. ఆ నివేదిక 2022లో వెల్లడి యయ్యెను.

ఆమెకు జరిగినది ఘోరము. జనుల యాగ్రహము సహజము. కాని వ్యవహారమున నాలుగు పాదములుండగా, రెండవదియు మూడవదియు లేకయే నాలుగవది జరిగినది. ఎవరి దోష మెంతయో ప్రమాణపూర్వకముగ నిర్ణయించు నవకాశము శాశ్వతముగ పోయినది. ఆ నష్టము నిందితులది మాత్రమే కాదు. న్యాయస్థానము నోట రావలసిన నిర్ణయము మృతురాలికిని దక్కలేదు. దీనిని మన శాస్త్రపరిభాషలో న్యాయాభాస మనవలెను.

'వ్యాజ్యములు ఏండ్ల తరబడి సాగుచుండగా జనులేమి చేయుదురు?' అను ప్రశ్న తోసివేయదగినది కాదు. విలంబము దోషమే. అయితే కుంటుచున్న పాదమునకు చికిత్స చేయవలెను గాని దానిని ఛేదింపరాదు. న్యాయాధికారులను, సాధనములను పెంచి విచారణను త్వరపఱచుట చికిత్స. విచారణనే విడుచుట ఛేదనము.

దండము పరీక్షించి ప్రయోగింపబడినచో ప్రజలను రంజింపజేయుననియు, పరీక్షింపక ప్రయోగింపబడినచో సర్వమును నశింపజేయుననియు మనువు సప్తమాధ్యాయమున చెప్పెను. ఆ నాశమునకే వైయాకరణులు చూపిన పేరు న్యయము. కావున ప్రాచ్యకళాశాలలలో న్యాయశబ్దమునకు రూపసిద్ధి చెప్పు నధ్యాపకులు, సూత్రముతో నాగక, ఈ ప్రత్యుదాహరణమును గూడ నర్థసహితముగ బోధింతురుగాక.