ఆకాశమునుండి కానవచ్చు పాత చాళ్లు

నేలపై నిలిచిన వానికి అంతగా తెలియని పాత దుక్కి గుర్తులు విమానమునుండి తీసిన ఛాయాచిత్రములలో స్పష్టముగా కనిపించును. ఇంగ్లండు మధ్యభాగమందలి బంకనేలలు ఇందుకు మంచి ఉదాహరణము.

మధ్యయుగములో అచటి రైతులు పొలమును సన్నని పొడవాటి కొండ్రలుగా రెక్కనాగలితో దున్నెడివారు. ఆ నాగలి మట్టిని కుడివైపునకే తిరగవేయును. ఏటేట కొండ్ర నడుమనుండి మొదలిడి చుట్టును దున్నుటచే మట్టి మధ్యకు చేరి మిట్ట అయినది. ఇరుప్రక్కల పల్లము లేర్పడినవి. బంకనేలలో నిలిచెడి వాననీరు ఆ పల్లములగుండా పోయెడిది. మనమెరిగిన ఫర్లాంగు, అనగా 220 గజములు, అను మాటకు మొదటి అర్థము చాలు పొడవు అనియే.

తరువాత ఆ భూములలో చాలభాగము పచ్చికబయళ్లయినందున మిట్టలు చెదరలేదు. ఉదయ సాయంకాలములందు ఏటవాలు ఎండలో వాని నీడలు పల్లములపై పడి, పైనుండి చూచిన చారలవలె అగుపించును. 1945 తరువాత ట్రాక్టరు దుక్కులలో ఇట్టివి పెక్కు చదునైపోయినవి.

దీనినుండి మనము గ్రహింపవలసిన దేమి? రెక్కనాగలిని ఏటా ఒకే తీరున త్రిప్పినచో మీ చేనును ఎత్తుపల్లమగును. నీరు సమముగా పారదు. కావున ఒక యేడు నడుమనుండియు, మరుయేడు అంచులనుండియు దుక్కి మొదలుపెట్టుడు.