కొల్లేటి సీమలో గురువు శరత్సన్నాహము

శరదృతువు వచ్చెననగానే మన కవులకు తేరిన నీళ్లును, తెల్లని మబ్బులును, రెల్లుపూలును జ్ఞప్తికి వచ్చును. కొల్లేటి యొడ్డున కాపురముండు వానికి మాత్రము ముందుగా జ్ఞప్తికి వచ్చునది వాయుగుండము. ఈ రెండు నెలలును అచ్చటి పల్లెవాసులు ఒక కన్ను చేనిమీదను, ఒక కన్ను తూర్పుదిక్కు మీదను ఉంచి గడపుదురు. అట్టివారిలో ఒకడైన క్రైస్తవ గురువు తన యింటిని, పెరటిని, దేవాలయమును ఈ కాలమునకు ఎట్లు సిద్ధపరచుకొనునో, ఆ సన్నాహమునకు ఆధారమేమో చదువరులకు తెలుపుట ఈ వ్యాసోద్దేశము. పల్లె పురోహితుని గూర్చియు, కరణమును గూర్చియు మనవారు పెక్కులు వ్రాసియున్నారు. పేట నడుమ నివసించు ఈ గృహస్థుని గూర్చి వ్రాసినవారు అరుదు.

పాశ్చాత్యదేశముల సంగతి వేరు. ఇంగ్లండున సెప్టెంబరు ముగియునప్పటికి కోతలు ముగిసి ధాన్యము గాదెకు చేరును. అచ్చటి పల్లె గురువు రాలిన ఆకులనూడ్చి, కట్టెలు పేర్చుకొని, చలికాలమునకు తలుపు మూసికొనును. 1843వ సంవత్సరము అక్టోబరు 1వ తేది ఆదివారమున కార్న్‌వాల్ సీమలోని మోర్వెన్‌స్టో అను పల్లెలో రాబర్ట్ స్టీఫెన్ హాకర్ అను గురువు కోతకై కృతజ్ఞతారాధన జరిపెను. నేటి కోతపండుగలకు అదియే ఒరవడి యందురు. యూదుల పర్ణశాలల పండుగయు పంట కూర్చుకొనిన పిదపనే వచ్చును. ఈ రెండును పంట చేతికందినవారి పండుగలు. మన డెల్టాలోనో, ఆశ్వయుజమున సార్వా వరి పొట్టమీద నుండును. కార్తికమున గింజ పాలుపోసికొని, బరువెక్కి, కంకి వంగును. గాలివానకు చేను పడిపోవుటకు అంతకంటె అనువైన దశ లేదు. కావున ఇచ్చటి గురువునకు శరత్తు ఎదురుచూపు కాలము.

ఆ యెదురుచూపు తెలియవలెనన్న ఈ సీమ స్వరూపము తెలియవలెను. గోదావరి ఆనకట్ట నుండి బయలుదేరిన ఏలూరు కాలువ నిడదవోలు, తాడేపల్లిగూడెముల మీదుగా ఏలూరు చేరును; బెజవాడ నుండి వచ్చు కృష్ణ కాలువయు అదే పేరుతో అచ్చటికే చేరును. ఈ రెండు డెల్టాల నడుమ మిగిలిన పల్లము కొల్లేరు. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు, గుండేరు తెచ్చిపోయు నీరంతయు అందు చేరును. పోవుటకు త్రోవ ఉప్పుటేరొక్కటే. అదియు సుమారు 60 కిలోమీటర్లు మెలికలు తిరిగి సముద్రమున కలియును. సముద్రము పోటుమీద నున్నంతసేపు ఆ నీరు సరిగా దిగదు. అందుచే కొల్లేటికి వరద వచ్చుట సులభము, పోవుట కష్టము. 2024 సెప్టెంబరులో బుడమేరు బెజవాడను ముంచినమాట లోకమెరుగును; ఆ నీరే పిదప కొల్లేటి లంకలను చుట్టుముట్టిన సంగతి ఆ పల్లెలవారికి తెలిసినంత ఇతరులకు తెలియదు. ఇక తుపానుల మాట. సుమారు 30 వేల మందిని పొట్టనబెట్టుకొన్న బందరు ఉప్పెన 1864 నవంబరు 1వ తేదిది. దివిసీమ ఉప్పెన 1977 నవంబరు 19వ తేదిది. రెండును శరత్తులోనివే.

ఈ ప్రాంతమునకు క్రైస్తవ బోధకులు వచ్చి రెండు వందల యేండ్లు కావచ్చినది. గోదావరి డెల్టాకు 1836లోను, బందరునకు 1841లోను వచ్చిరి. ఏలూరున చర్చి మిషను శాఖ 1854లో నెలకొనెను. బందరు నోబుల్ పాఠశాల కథ మన పట్టణవాసులు ఎరిగినదే. గాని పల్లెలలో సంఘములు పెరుగుటకు త్రోవతీసినవాడు దొరయును కాడు, పట్టభద్రుడును కాడు. 1859లో బాప్తిస్మము పొందిన రాఘవాపురపు మాలవాడు పగోలు వెంకయ్య. అతడు తనంతట తాను వెదకుకొనుచు వచ్చినవాడు. నేడు ఏలూరు వైపున 1947 సెప్టెంబరు 27వ తేదిని ఏర్పడిన దక్షిణ ఇండియా సంఘమువారును, గూడెము వైపున 1927లో ఏర్పడిన ఆంధ్ర లూథరను సంఘమువారును, మరి పెక్కు శాఖలవారును కలరు. శాఖ ఏదైనను పల్లె గురువు పని ఒక్కటే. ఒక్కొక్కని చేతి క్రింద పెక్కు గ్రామములుండుట కద్దు. జనులు ఆయనను అయ్యగారనియు, ఆయన భార్యను అమ్మగారనియు పిలుతురు.

ఇంటి సన్నాహము కప్పుతో మొదలగును. పెంకుటిల్లయిన పగిలిన పెంకులు మార్చవలెను. డాబా యయిన తూములలోని చెత్త తీయవలెను. వంటపాక మీది తాటాకు శ్రావణ భాద్రపదముల వానలకు చివికి నల్లబడియుండును. దానిని మార్చి, పైన వెదురుబద్దలు వేసి, మోకులతో బిగించి కట్టుదురు. వంటచెరకు ఎండబెట్టి అటుక కెక్కింతురు. బియ్యపు డబ్బాను నేలమీద నుంచరు. ఇదంతయు ఏ గృహస్థుడైనను చేయునదే. గురువు ఇంట మాత్రము అన్నిటికంటె ముందు మెరక కెక్కవలసినది ఒక ఇనుపపెట్టె. బాప్తిస్మముల పుస్తకము, వివాహముల పుస్తకము, సమాధుల పుస్తకము అందుండును. సెంటు భూమి లేనివాని పేరు కరణము లెక్కల కెక్కెడిది కాదు. ఒక కూలివాని తాత పేరు, తండ్రి పుట్టిన తేది సిరాతో వ్రాసియున్న కాగితము ఊరిలో అదియొక్కటే కావచ్చును. అది తడిసినచో ఒక పేట చరిత్ర తడిసినట్లే. మన గ్రంథాలయోద్యమమువారు తాటాకు గ్రంథములను వెదకి కాపాడిరి. ఈ పెట్టెల మాట ఎవరును తలపెట్టినట్లు కానరాదు.

పెరటి పని అమ్మగారిది. చిక్కుడు పాదునకు పందిరి బిగించి, అరటిచెట్లకు ఊతకర్రలు నాటించి, కొబ్బరిచెట్ల ఎండుమట్టలు కొట్టించి ముదిరిన కాయలు దింపింతురు. గాలిలో కొబ్బరికాయ ఫిరంగిగుండు. పల్లపునేల గనుక వంగకును, మిరపకును మళ్లు ఎత్తుగా పోసి చుట్టును కాలువ తీయుదురు. ఊరి బోదెలో గుర్రపుడెక్క పేరుకొనియుండును. దానిని తీయనిచో ఎంత కాలువ తీసినను పెరటి నీరు పోదు. ఈ పనికి గురువు నలుగురు పడుచువాండ్రను వెంటబెట్టుకొని తానును మోకాలిలోతు దిగుట గలదు. పంచాయతీవారు చేయవలసిన పనియే ఇది. వారు వచ్చువరకు నీరాగదు. ఇక బంతి, చేమంతి నారు. అవి అలంకారమునకు మాత్రమే కావు; నవంబరు మొదటివారమునకు ఆ పూలు కావలెను. ఏల కావలెనో ముందు చెప్పెదను.

దేవాలయమునకు సున్నము వేయుట క్రిస్మసుకు ముందే గదా యని తోచును. సున్నము తరువాతి మాట. శరత్తులో చూడవలసినవి తలుపుల గడియలు, కిటికీల బందులు, దూలముల చెదలు, గంటత్రాడు. తేటయెండ కాసిన దినములలో తుంగచాపలన్నియు బయట పరచి ఆరవేయుదురు. వానకాలమందు పట్టిన బూజు ఆ యెండకే పోవలెను. తుపానురాత్రి ఆ చాపలే పిల్లలకు పరుపులు. కొల్లేటి పల్లెలలో వరద వచ్చినపుడు, మెరకమీద గట్టిగోడలుగల కట్టడమేది యున్న నదియే దిక్కు: అది బడియైన బడి, గుడియైన గుడి, దేవాలయమైన దేవాలయము. అందుచే తాళపుచెవి రెండవదానిని చేయించి పొరుగున ఒక నమ్మకస్తుని చేతిలో నుంచుట తెలివిగల గురువులు చేయుపని. గురువు ఆ రాత్రి వేరొక పల్లెలో చిక్కుపడియుండవచ్చును గదా!

ఇంతవరకు చెప్పినదానికెల్ల డబ్బు కావలెను. ఆ డబ్బు ఎచ్చటనుండి వచ్చును? పరదేశపు ధనము మీద నిలిచిన మతమని మనవారు ఒకప్పుడు ఆక్షేపించిరి. ఆ ఆక్షేపణలో సత్యము లేకపోలేదు. సంఘములోని పెద్దలే దానిని ముందుగా గుర్తించిరి. 1912 డిసెంబరు 29వ తేదిని బిషప్పుగా అభిషిక్తుడైన వేదనాయగం శామ్యూల్ అజరయ్యగారు తిరునల్వేలి సీమ తమిళుడు. తెలుగు నేర్చి, దోర్నకల్లు నివాసముగా 1945 జనవరి 1వ తేదిని మరణించువరకు మన పల్లెసంఘములను నడపెను. తమ గురువును తామే పోషించుకొనలేని సంఘము సంఘము కాదని ఆయన పట్టు. ఆయన ఏలుబడిలోని సంఘములలో స్త్రీలు ప్రతిదినము ఎసట్లో బియ్యము పోయుటకు ముందు ఒక పిడికెడు తీసి వేరు కుండలో వేసి, ఆదివారము దేవాలయమునకు తెచ్చుచుండిరి. స్వరాజ్యోద్యమమునకు రాట్నమెట్లో, ఈ సంఘములకు ఆ పిడికెడు బియ్యమట్లు. నాటి లెక్కలో ఇచ్చెడివారు కోటీశ్వరులు కారు. రోజుకూలి దొరకని దినమున పస్తుండువారు. కోతపండుగనాడు ఇచ్చు ధాన్యపు బుట్టలు, గుమ్మడికాయలు, కోళ్లు, కోడిగ్రుడ్లు దేవాలయపు ముంగిట వేలమువేసి, ఆ సొమ్ము సంఘపు పెట్టెలో వేయు వాడుక నేటికిని కలదు. గ్రుడ్డొక్కటి నాలుగుసారులు వేలమునకు వచ్చి నాలుగుసారులు తిరిగి దేవుని కిచ్చుటయు కద్దు.

ఇచ్చటనే భూస్వాములైన చదువరులు కొంచెము ఆగి చిత్తగింపవలెను. ఆ పిడికెడు బియ్యము ఎవరి చేనిలోనిది? కోతకూలి ధాన్యరూపమున ముట్టెడి దినములలో పేటలోని ప్రతి యింట ఒక కుండ నిండెడిది. కోతయైన చేలలో స్త్రీలును పిల్లలును పరిగె ఏరుకొనిరి. పరిగె కొరకు చేని ఓరలు విడువుమని యూదుల ధర్మశాస్త్రము విధించినది. మన రైతు ఏ శాస్త్రమును చదువకయే విడిచెను. రూతు కథను కొల్లేటి పల్లెలో చదివినపుడు ఏ స్త్రీకిని వ్యాఖ్యానము అక్కరలేకుండెడిది.

నేడు కోతయంత్రము ఒక పూటలో చేను కోసి నూర్చి పోవును. కూలికి ధాన్యము లేదు, పరిగెకు కంకి మిగులుట తక్కువ. అంతకంటె పెద్ద మార్పు చెరువులది. 1976 ప్రాంతమున ప్రభుత్వమువారే కొల్లేట సహకార సంఘముల పేర చేపలచెరువులు త్రవ్వించిరి. పిదప ధనవంతులు వచ్చిరి. 1999లో 308 చదరపు కిలోమీటర్ల మేర అభయారణ్యమని ప్రకటింపబడెను; 2006లో గట్లు కొట్టించిరి. సరస్సు వెలుపల మాత్రము కైకలూరు మొదలు ఆకివీడు, భీమవరముల వరకు వరిచేలు చెరువులగుచునే యున్నవి. రైతును తప్పుపట్టుట సులభము. తుపానుకు పడిపోవు వరికంటె చేపమీద లాభము మిక్కిలియని అతడు లెక్కవేసికొనెను. ఆ లెక్క అతనివరకు సరియైనదే. ఆ లెక్కలో లేనిది నాట్లు వేసి కోతలు కోసిన స్త్రీ. చెరువునకు కావలివాడొక్కడు, మేతవేయువాడొక్కడు, పట్టుబడినాడు వలవారు కొందరు చాలుదురు. ఆమెకు అందు పని లేదు. కొందరు రొయ్యలు ఒలుచు కర్మాగారములకు పోవుచున్నారు, మరికొందరు పట్టణములకు.

అందువలన కోతపండుగ బుట్టలలో ధాన్యము తగ్గి, కవరులలో నోట్లు పెరిగినవి. డబ్బు తక్కువదని నా మాట కాదు. గల్ఫుదేశముల నుండి బిడ్డలు పంపిన నోటును దేవాలయమునకు తెచ్చిన తల్లి చేయి ఆ పిడికెడు బియ్యము తీసిన చేయియే. గాని దుకాణమునుండి కొనితెచ్చిన వరికంకులను దేవాలయపు ద్వారమునకు కట్టుచున్న పల్లె గురువు, ఈ శరత్తులో తన సంఘము దేనికొరకు ఎదురుచూచుచున్నదో ఏమని ప్రార్థించును? చేపకు ధర రావలెననియా?

బంతిపూల మాట మిగిలినది. నవంబరు 2వ తేది సమాధుల పండుగ. గోదావరి మండలములలో ఆనాడు సాయంకాలము క్రైస్తవ శ్మశానములెల్ల దీపములతో వెలుగును. రొంపిచర్లును, గడ్డియు తీసి, సమాధులకు సున్నము వేసి, పూలుంచి, క్రొవ్వొత్తులు వెలిగింతురు. దూరదేశముననున్న బిడ్డలును వీలైన ఆనాటికి వత్తురు. కొల్లేటి పల్లెలలో శ్మశానము ఊరికెల్ల పల్లపుచోట నుండుట పరిపాటి; మెరకభూమి మనకు, పల్లము వారికి అనునది మనవారు ఏనాడో చేసిన పంపకము. చుట్టును చెరువుగట్లు లేచిన పిదప అచ్చటి నీరు దిగుటకు త్రోవ లేదు. ఆశ్వయుజ బహుళములో గురువు సమాధుల పుస్తకము చేతబట్టి పోయి, ఏ సమాధి నీటిలోనున్నదో చూచివచ్చును. పిమ్మట ఆయన చేయవలసిన పని ఒకటి కలదు. అది ప్రార్థన కాదు, మేస్త్రీపనియు కాదు. చెరువు ఆసామి యింటికి పోయి అరుగుమీద కూర్చుండి, గట్టునకు ఒకచోట తూము పెట్టనిమ్మనియు, శవమును మోయు నలుగురు పట్టునంత వెడల్పున గట్టుమీద నడువనిమ్మనియు అడుగవలెను. ఆసామి చదువరులలో ఒకడు కావచ్చును. అక్టోబరు నెల ముగియకముందే ఆయన వచ్చును.