తాళం కన్నా బిల్లే గట్టి

ఇంట్లో సైకిలు పోయిందంటే ముందు తిట్లు తినేది పిల్లలు. "తాళం వేశావా, లేదా?" అని గద్దిస్తాం. "వేశానమ్మా" అంటారు. అంతటితో విచారణ అయిపోతుంది. "మన రాత" అనుకుని ఊరుకుంటాం. గద్వాల కానీయండి, వనపర్తి, నాగర్‌కర్నూలు కానీయండి, ఎక్కడైనా ఇదే తంతు. కానీ ఆనాడు అడగవలసిన ప్రశ్న ఇంకొకటి ఉంది. "కొన్నప్పటి బిల్లు ఏదీ?" అని.

బిల్లుకూ దొంగకూ సంబంధమేమిటంటారా? మోటారు బండికి రిజిస్ట్రేషను ఉంది, నంబరు పలక ఉంది. సైకిలుకు అవేమీ లేవు. ఒకప్పుడు చాలా పట్టణాల్లో మునిసిపాలిటీకి సైకిలు పన్ను కట్టి, బిళ్ళ తెచ్చి తగిలించుకునే రివాజు ఉండేది. ఆ రోజులు పోయాయి. ఇప్పుడు సైకిలు మనదేనని చెప్పే గట్టి సాక్ష్యాలు రెండు. ఒకటి దుకాణదారు ఇచ్చే బిల్లు, రెండోది ఫ్రేము మీద కొట్టిన నంబరు. సైకిలును తలకిందులుగా నిలబెట్టి, పెడళ్ళ ఇరుసు తిరిగే గొట్టం అడుగున గ్రీజు తుడిచి చూడండి, సాధారణంగా అక్కడే ఉంటుంది. అక్కడ లేకపోతే సీటు కింది గొట్టం మీద గానీ, హ్యాండిలు దగ్గర గానీ వెదకండి. రంగు మార్చినా, సీటు మార్చినా ఆ నంబరు చెరపడం అంత సులభం కాదు.

ఇక చట్టం సంగతి. 2024 జూలై 1 నుంచి పాత ఐ.పి.సి. స్థానంలో భారతీయ న్యాయ సంహిత అమలులోకి వచ్చింది. అందులో దొంగతనం 303వ సెక్షను. ఇక్కడ మనం గుర్తుంచుకోవలసిన అంకె 5,000 రూపాయలు. పోయిన వస్తువు విలువ అంతకు తక్కువైతే, మేజిస్ట్రేటు ఉత్తర్వు లేకుండా పోలీసులు దర్యాప్తు చేయడానికి వీల్లేదు. ఠాణాలో పుస్తకంలో రాసుకుని, మనల్ని మేజిస్ట్రేటు దగ్గరకు వెళ్ళమంటారు. 5,000 గానీ, అంతకు మించి గానీ అయితే ఎఫ్.ఐ.ఆర్. నమోదు చేయాలి, దాని నకలు మనకు ఉచితంగా ఇవ్వాలి. మరి ఆరు వేలు పెట్టి కొన్న సైకిలు ఆరు వేలదేనని ఎలా చెబుతారు? నోటిమాటగా చెబితే ఎవరు నమ్ముతారు? చూశారా, బిల్లు ఎక్కడ అక్కరకొస్తుందో!

ఇంకొక మాట. ఇంటి లోపలి నుంచి పోతే 305వ సెక్షను వర్తిస్తుంది. అక్కడ విలువతో నిమిత్తం లేకుండా పోలీసులు కేసు తీసుకోవచ్చు. కనుక రాత్రిపూట సైకిలును వీధిలో వదలకుండా లోపలికి తెచ్చుకోవడం అన్ని విధాలా మేలు. ఇక వనపర్తి వారి సైకిలు గద్వాల బజారులో పోయిందనుకోండి. ఎఫ్.ఐ.ఆర్. రాయవలసిన నేరమైతే "ఇది మా హద్దు కాదు" అని ఏ ఠాణా వారూ తిప్పి పంపకూడదు. రాసుకుని, సంబంధించిన ఠాణాకు పంపాలి. దానినే జీరో ఎఫ్.ఐ.ఆర్. అంటారు.

సరే, ఇంత అక్కరకొచ్చే బిల్లును దుకాణంలో అడిగితే ఏమవుతుంది? ఆడవాళ్ళం వెళితే మరీను. చిత్తు కాగితం మీద అంకెలు కూడి చేతిలో పెడతారు. "పక్కా బిల్లు కావాలంటే టాక్సు పడుతుందమ్మా" అంటారు. ఆ టాక్సు ఎంతని భయపడాలి? 2025 సెప్టెంబరు 22 నుంచి సైకిళ్ళ మీద జి.ఎస్.టి. 12 నుంచి 5 శాతానికి తగ్గింది. ఆరు వేల మీద మూడు వందలు. జి.ఎస్.టి. నంబరు లేని చిన్న దుకాణమైనా తన పేరుతో రసీదు రాసి ఇవ్వవచ్చు. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం బిల్లు ఇవ్వకపోవడం కూడా అనుచిత వ్యాపార పద్ధతే. బిల్లు మీద ఫ్రేము నంబరు కూడా వేయమనండి. స్టాండు, క్యారియరు, బుట్ట, బెల్లు ధరలో కలిసినవో, వేరో ముందే అడగండి. లోపమున్న సరుకును బిల్లులో రాసిన గడువులోపల, గడువు రాయకపోతే ముప్పై రోజుల్లోపల, వెనక్కి తీసుకోనంటే అదీ తప్పే. మాట వినకపోతే 1915కు ఫోను చేయవచ్చు. జిల్లా వినియోగదారుల కమిషనుకు రెండేళ్ళ లోపల ఫిర్యాదు చేయవచ్చు. ఐదు లక్షల లోపు కొనుగోళ్ళకు ఫీజు లేదు, వకీలును పెట్టుకోవలసిన పని కూడా లేదు.

రిపేరుకు ఇచ్చినప్పుడు కూడా ఒక చీటీ అడగండి. 1872 నాటి కాంట్రాక్టు చట్టం ప్రకారం మనం అప్పగించిన వస్తువును దుకాణదారు తన సొంత వస్తువులాగా జాగ్రత్తగా చూడాలి. బాగుచేయడానికని ఇచ్చిన సైకిలును రాత్రంతా వీధిలో వదిలేస్తే, పోయినప్పుడు "నాకేం సంబంధం?" అంటే చెల్లదు.

ఇక పాత సైకిళ్ళు. సగం ధరకు వస్తోందని సంబరపడకండి. దొంగసొత్తును డబ్బిచ్చి కొన్నా అది మనది కాదు. అసలు యజమాని వస్తే ఇచ్చివేయవలసిందే. తెలిసి కొంటే 317వ సెక్షను కింద మూడేళ్ళ దాకా జైలు శిక్ష పడవచ్చు. అమ్మే మనిషిని అసలు బిల్లు చూపించమనండి, ఫ్రేము నంబరు సరిచూడండి, సంతకంతో రసీదు రాయించుకోండి. ఇలా అడిగేవాళ్ళు పదిమంది ఉంటే దొంగ సైకిలుకు గిరాకీ ఎక్కడిది?

దుకాణదారులందరూ చెడ్డవారని నేననను. పంచరు వేసి, చెయిను బిగించి, "బ్రేకు అరిగింది పాపా, జాగ్రత్త" అని పంపే మంచివాళ్ళు ప్రతి బజారులోనూ ఉన్నారు. అటువంటి మేస్త్రీ ఒకరిని ఎంచుకుని, ఎప్పుడూ అక్కడికే వెళ్ళండి. ఆయనకు మన సైకిలు గుర్తుంటుంది. ఎవరైనా దాన్ని అమ్మజూపినప్పుడు ముందు అనుమానించేది కూడా ఆయనే.

ఒక సైకిలుకు ఇంత హంగామా ఎందుకని కొందరు నవ్వవచ్చు. 1948లో ఇటలీలో డి సికా తీసిన "బైసికిల్ థీవ్స్" అనే చిత్రమంతా ఒక సైకిలు పోవడం గురించే. సైకిలుంటేనే ఆ మనిషికి ఉద్యోగం. మన దగ్గర బడి రెండు మూడు మైళ్ళుండే ఆడపిల్లకు కూడా అంతే. సైకిలు పోతే, మళ్ళీ కొనే స్తోమత లేని ఇంట్లో ముందు ఆగేది ఆ పిల్ల చదువు.

కాబట్టి ఈ వారంలో అరగంట తీరిక చేసుకోండి. ఫ్రేము నంబరు చూసి ఇంటి లెక్కల పుస్తకంలో రాసిపెట్టండి. సైకిలు ఫోటో ఒకటి, నంబరు ఫోటో ఒకటి తీసి ఉంచండి. బిల్లును రేషను కార్డు పెట్టే చోటే దాచండి. తాళం మాత్రం మానకండి! దొంగను ఆపేది తాళం. దొంగ చేతిలో పడ్డాక సైకిలును తిరిగి ఇంటికి తేగలిగేది ఆ కాగితమే.