తోసినా తొణకొద్దు!

గ్రూప్‌ డిస్కషన్‌లో మీరు నోరు తెరిస్తే చాలు, పక్కవాళ్లు అడ్డుపడుతున్నారా? ఒళ్లు మండుతుంది కదూ! అయితే షికాగో బుల్స్‌ కథ వినండి.

అమెరికా ఎన్‌బీఏలో డెట్రాయిట్‌ పిస్టన్స్‌ది మొరటు ఆట. మైకేల్‌ జోర్డాన్‌ బాస్కెట్‌ వైపు దూసుకొస్తే ఇద్దరు ముగ్గురు మీదపడి ఆపేవారు. 1988, 89, 90.. వరసగా మూడేళ్లు ప్లేఆఫ్స్‌లో బుల్స్‌ వాళ్ల చేతిలోనే ఓడింది. జోర్డాన్‌ బరువులెత్తి ఒళ్లు గట్టిపరచుకున్నాడు. కోచ్‌ ఫిల్‌ జాక్సన్‌ బంతి అందరి చేతుల్లో తిరిగేలా ఆట మార్చాడు.

1991లో మళ్లీ అదే ప్రత్యర్థి. నాలుగో మ్యాచ్‌లో డెన్నిస్‌ రాడ్‌మన్‌ తోసేస్తే స్కాటీ పిపెన్‌ గడ్డం చిట్లింది. అయినా కలబడలేదు. లేచి ఆడాడు. బుల్స్‌ 4-0తో గెలిచింది. ఆ ఏడాదే తొలి టైటిల్‌!

మరి మీరేం చేయాలి?

* రెచ్చగొట్టడం ఎదుటివాళ్ల ఎత్తుగడ. రిఫరీ కంట్లో తరచూ పడేది రెండో దెబ్బే. ప్యానెల్‌ కూడా అంతే.
* గొంతు పెంచకండి. ఊపిరి తీసుకుని ‘నా పాయింట్‌ పూర్తి చేస్తా’ అని నెమ్మదిగా చెప్పండి.
* ఓర్పుకీ ప్రాక్టీస్‌ కావాలి. కావాలనే అడ్డుపడమని ఫ్రెండ్స్‌కి చెప్పి, వారానికి రెండుసార్లు మాక్‌ జీడీ పెట్టుకోండి.